గడువు దాటని డబ్బా

పై గదిలో అద్దెకున్న ఆవిడను, కింద వాటాలో అద్దెకుండే టైలర్ ఇంట్లో అందరూ ఇన్‌స్పెక్టర్ అత్తయ్య అనేవారు, ఆవిడ చెవిన పడకుండా.

టైలర్ కూతురికి చిన్నప్పటి నుంచీ షుగర్. రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. ఆ పిల్ల వేలు గుచ్చుకునే సమయానికి ఈవిడ ఏదో వంకతో కిందికి దిగేది. చేతులు కడిగావా, తడి లేకుండా తుడిచావా, సూది కొత్తదేనా అని ఆరా తీసేది.

ఒకరోజు ఆ సూది మాటకే టైలర్‌కు చిర్రెత్తుకొచ్చింది. మొద్దుబారేదాకా ఏ సూదైనా పనికొస్తుందన్నాడు.

"మీది గుడ్డ కుట్టే సూదండీ. ఇది బిడ్డను గుచ్చేది," అందావిడ.

మర్నాడే ఆయన ఇంటి ఓనర్ దగ్గరికి వెళ్లి, ఆవిడ పోరు పడలేకపోతున్నామని చెప్పి వచ్చాడు.

ఆ వారంలోనే పిల్లకు జ్వరం, వాంతులు పట్టుకున్నాయి. షుగర్ చూస్తే రోజూకంటే కాస్త ఎక్కువ, అంతే. టైలర్ మళ్లీ కుట్టు మిషన్ ముందు కూర్చున్నాడు.

వాంతుల చప్పుడు విని ఆవిడ పిలవకుండానే వచ్చింది. ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే కీటోన్లు చూశారా అని అడిగింది. వాటిని మీటర్‌తో కొలిచే స్ట్రిప్పుల డబ్బా ఒకటి అల్మారాలో ఉంది గానీ, దాని గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఆవిడ గబగబా పైకెళ్లి, పిల్ల మీటర్‌కే సరిపోయే కొత్త డబ్బా తెచ్చి సీలు తీసింది. పిల్ల చేతులు తానే కడిగి తుడిచింది. కొత్త సూదితో వేలి పక్కన గుచ్చి చుక్క రక్తం తీసింది.

మీటర్ మీద మూడు పాయింట్ రెండు అని పడింది.

షుగర్ అంకెలు వందల్లో చూసి అలవాటైన టైలర్‌కు మనసు కుదుటపడింది.

"మూడే కదా. కాసేపు పడుకోనివ్వండి."

ఆవిడ ముఖం పాలిపోయింది.

"షుగర్ లెక్క వేరు, దీని లెక్క వేరు. ఒకటిన్నర దాటితే చాలు, డాక్టర్‌కు ఫోన్ చెయ్యాలి. మూడంటే రక్తం విషమైపోతున్నట్టే. పడుకోబెట్టకండి. బండి పిలవండి."

ఆయన కదలకపోతే చొక్కా పట్టుకుని లాగింది. ఆయన బిత్తరపోయి లేచాడు.

ఇంకాస్త ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదని ఆస్పత్రిలో చెప్పారు.

పిల్ల కోలుకుని ఇంటికొచ్చాక, టైలర్ సిగ్గు చంపుకుని మేడ ఎక్కాడు. క్షమించమని అడగాలనుకున్నాడు.

గది ఖాళీగా ఉంది. ఓనర్ తాళం వేస్తున్నాడు. మీరు చెప్పారనే ఖాళీ చెయ్యమన్నాను, మారుమాట లేకుండా వెళ్లిపోయింది, ఎక్కడికో చెప్పలేదు అన్నాడు. మీ అమ్మాయికి ఇమ్మందంటూ ఒక డబ్బా చేతిలో పెట్టాడు.

అవే స్ట్రిప్పులు. సీలు తీయలేదు, గడువు ఇంకా చాలా ఉంది.

"ఆవిడకూ షుగరేనా?"

"ఆవిడకు కాదు, కూతురికి. ఆ పిల్ల పోయి చాలా ఏళ్లయిందట. అయినా గడువు దాటినప్పుడల్లా కొత్తవి కొని దాచుకునేదట. వెళ్తూ వెళ్తూ చెప్పింది."

టైలర్ డబ్బా మీది గడువు తేదీ మళ్లీ చూశాడు. ఎలా పోయిందని మెల్లగా అడిగాడు.

"మీటర్‌లో మూడు వచ్చిందట. మూడే కదా అని, కన్నతల్లే పడుకోబెట్టిందట."