గ్లాసెడు నీళ్ళు

రెండోసారి కూడా కడుపు నిలవలేదని తెలిసిన రోజు కోడలు ఏడవలేదు. ఆసుపత్రి నుంచి వచ్చి, చెప్పులు విడిచి, నేరుగా అలమర దగ్గరికి వెళ్ళింది. ఏడాదిగా దాచిన ఖాళీ మాత్రల అట్టలన్నీ తీసి మంచం మీద పరిచింది.

"చూడండి అత్తయ్యా. ఒక్క రోజు మానలేదు. ఒక్కటంటే ఒక్క రోజు."

అత్తగారు వచ్చి మంచం అంచున కూర్చుంది. ఆ అట్టలను ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచులు సమం చేసి, రబ్బరు బ్యాండు వేసింది. బైండింగు షాపులో ముప్పై ఏళ్ళు పుస్తకాలు బైండు చేసిన చేతులవి. దేన్నైనా పేరిస్తే అంచులు సరిచేయకుండా ఉండలేవు. మైదా జిగురు ఉండ కట్టకుండా కలపడంలో ఆ షాపులో ఆమె తర్వాతే ఎవరైనా.

మొదటి కడుపు పోయినప్పుడే థైరాయిడ్ సంగతి బయటపడింది. కోడలిది బస్టాండులో మైకు ముందు కూర్చునే ఉద్యోగం. గొంతు బొంగురుపోతుంటే దుమ్ము వల్లేమో అనుకుంది. "ఏంటమ్మా, బస్సులకి గానీ జలుబు చేసిందా?" అని ప్రయాణికులు వేళాకోళం చేస్తే తనూ నవ్వేది. రక్త పరీక్షలో అంకె పదకొండు వచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది.

"రెండున్నర లోపుకి దిగాలి. అప్పుడే బిడ్డ నిలుస్తుందన్న ధైర్యం ఉంటుంది," అంది డాక్టరమ్మ. పెద్ద వైద్యమేమీ చెప్పలేదు. పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర, గ్లాసెడు మంచినీళ్ళు. ఆ తర్వాత అరగంట దాకా ఇంకేమీ ముట్టకూడదు.

ఆ పని అత్తగారు నెత్తిన వేసుకుంది. కొడుకు పుట్టకముందు ఆమెకూ ఇద్దరు కడుపులోనే పోయారు. ఆ బాధ ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. మొదట్లో ఎవరేం చెబితే అది మోసుకొచ్చింది. వేర్లు, కషాయాలు, ఎముకల బలానికని పక్కింటావిడ ఇచ్చిన తెల్ల పొడి. కోడలు రెండు చేతులూ జోడించింది.

"డాక్టరిచ్చింది తప్ప ఇంకొక్కటి నోట్లో వేసుకోమన్నారంటే పుట్టింటికి పోతాను అత్తయ్యా."

అన్నీ అటకెక్కాయి.

అప్పటినుంచి రోజూ ఐదింటికి మంచం దగ్గరికే మాత్ర వచ్చేది, స్టీలు గ్లాసు వచ్చేది. కోడలు కళ్ళు పూర్తిగా తెరవకుండానే మింగేది.

"అడుగున మిగిల్చావ్. ఆ చుక్క కూడా తాగు."

"నోరంతా సుద్దముక్క నమిలినట్టుంది అత్తయ్యా."

"మందన్నాక తేనెలా ఉంటుందా? తాగు తల్లీ."

అంకె దిగలేదు. డాక్టరమ్మ మాత్ర బలం పెంచింది. అయినా దిగలేదు. మళ్ళీ పెంచింది. ఈలోగానే కోడలికి నెల తప్పింది. ఇంట్లో గట్టిగా తలుపు వేయడానికి కూడా భయపడ్డారు. పదో వారానికి అదీ పోయింది.

ఆ సాయంత్రం భోజనం ముందు కూర్చుని, కంచంలో చెయ్యి పెట్టకుండానే కొడుకు అడిగాడు.

"నిజం చెప్పు. మింగుతున్నావా, కిటికీలోంచి విసిరేస్తున్నావా?"

కోడలు అట్టల కట్ట తెచ్చి అతని ముందు పెట్టింది.

"అట్టలదేముంది? ఎవరైనా ఖాళీ చేయొచ్చు."

అత్తగారు గరిటె ఠపీమని గిన్నెలో పడేసింది.

"ఒరేయ్! రోజూ నా చేత్తో ఇస్తున్నాను. నా కళ్ళెదురుగా మింగుతోంది. ఊరందరికీ కళ్ళద్దాలు అమ్ముతావు గానీ, నీకే చూపు లేదురా!"

పొద్దుటి నుంచీ కోడలు బిగబట్టిన ఏడుపు అప్పుడు తెగింది. అత్తగారి భుజం తడిసిపోయింది.

నెల తిరిగాక మళ్ళీ రక్తం ఇచ్చారు. అంకె పద్నాలుగు.

ముగ్గురూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు. కోడలు సంచీలోంచి అట్టల కట్ట తీసి, తప్పు చేసి దొరికిన పిల్లలా బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మంచినీళ్ళతోనే వేసుకుంటున్నావు కదూ?"

"నీళ్ళతోనే డాక్టరమ్మా," అత్తగారే అందుకుంది. "నేనే ఇస్తాను. చుక్క మిగల్చనివ్వను."

"కొందరు పాలతో మింగేస్తారు. కొందరు కాల్షియంతో కలిపి వేసుకుంటారు. అలా చేస్తే మందు ఒంటికి పట్టదు, మింగినా మింగనట్టే. మీకు ఆ బెడద లేదు. అంటే ఇక లోపం ఒంట్లోనే ఎక్కడో ఉందనుకోవాలి." డాక్టరమ్మ కలం మూత పెట్టింది. "నీకు ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఇంకో ఏడాది చూద్దాం. ఆ తర్వాత లేనిపోని ఆశ పెట్టడం నాకూ ఇష్టం లేదు."

బయట మెట్లు దిగుతుంటే అత్తగారు మూడో మెట్టు మీదే కూలబడింది. కొడుకు పరుగెత్తుకెళ్ళి సీసా తెచ్చాడు.

"నీళ్ళు తాగమ్మా."

"నీళ్ళు వద్దురా," అంటూ సీసాను తోసేసింది.

కోడలు వచ్చి పక్కన కూర్చుంది. బొంగురు గొంతు ఇంకా బొంగురుపోయింది.

"ఇక వదిలేద్దాం అత్తయ్యా. నా ఒళ్ళే నాకు పగబట్టింది. ఎవరేమన్నా మీరు మాత్రం నన్ను నమ్మారు. నాకది చాలు."

అత్తగారు నోరు తెరిచింది. కోడలు ఆమె చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది. బస్సు వచ్చిందని కొడుకు కేకేశాడు. ముగ్గురూ ఎక్కారు.

అటక మీంచి దించిన ఆ కాల్షియం పొడిని ఏడాదిగా రోజూ తెల్లవారకముందే లేచి గ్లాసు నీళ్ళలో ఉండ కట్టకుండా కలుపుతున్నది తానేనని అత్తగారు ఇంకా ఎవరికీ చెప్పలేదు.