కౌజు, దీపం పురుగు

“అది పురుగా, చెట్టు బెరడాప్పా?” హెడ్డు కానిస్టేబులు రంగన్న గట్టిగా అడిగాడు.

తుమ్మ మొద్దుకు అంటుకుని ఒక దీపం పురుగు రెక్కలు పరుచుకుని ఉంది. ఖాసిం వలి దానివైపు చూడలేదు. ముప్పై ఏళ్లుగా ఎర్రగుంట్ల గుట్టల్లో కౌజు పిట్టలు పట్టి బతుకుతున్నాడు. నేల చూసి ఏది ఎటు పోయిందో చెప్పగలడు. అందుకే పోలీసులు పొద్దున్నే ఇంటికొచ్చి వెంటబెట్టుకొచ్చారు. పంతొమ్మిది వందల నలభై రెండు, క్విట్ ఇండియా రోజులు. రైలుకట్ట పక్కన తంతి తీగలు కోసినవాడు ఈ గుట్టల్లోనే ఉన్నాడట. పారిపోబోతే కాల్చమని హుకుం.

అడుగుజాడ బలుసు పొదలోకి పోయింది. బయటికి రాలేదు. ఖాసిం వలి ఆగాడు. వెనక ఇన్‌స్పెక్టరు తుపాకీతో వస్తున్నాడు.

“కౌజు తెలివైందా, ఈ పురుగా? నువ్వే చెప్పల్ల,” రంగన్న గొంతు గుట్టంతా మోగింది.

ఈ మనిషికి నోరు ఊరుకోదనుకున్నాడు ఖాసిం వలి. అయినా అడిగింది తనకు తెలిసిన విద్య గురించి, చెప్పాడు.

“రెండూ మన్ను రంగేనయ్యా. కౌజు శానాసేపు కదలకుండా కూసుంటాది. అడుగు దగ్గరికొస్తానే గుండె నిలవక లేస్తాది. లేస్తే సావే. పురుగు అట్ల కాదు. మీదికి చెయ్యొచ్చినా కదల్దు.”

“కదలకుంటే బతుకుతాదా?”

“బతుకుతాది.”

“ఇంగొగసారి చెప్పప్పా. గట్టిగా.”

“ఏమిటా కబుర్లు?” ఇన్‌స్పెక్టరు పొదలోకి రాయి విసిరాడు. బుర్రుమని ఒక కౌజు లేచింది. తుపాకీ పేలింది. పిట్ట రాళ్లమీద పడి కొట్టుకుంది.

రెండో రాయి విసిరాడు. అది మెత్తగా దేనికో తగిలిన చప్పుడు ఖాసిం వలి చెవికి అందింది. పొద కదల్లేదు.

“జాడ ఉందా?”

రాళ్లమీద కౌజు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. తన చేతుల్లో ఎన్ని చచ్చాయో లెక్క లేదు. ఆ పొద్దు మాత్రం అతను చూడలేకపోయాడు.

“లేదు దొరా. ఇది మేకలోల్ల జాడ. వంక దిక్కు పోదాం.”

ఇన్‌స్పెక్టరు పిట్టను తీసుకుని ముందు నడిచాడు. చాలా దూరం పోయాక ఖాసిం వలి గొంతు తగ్గించాడు.

“యాల అట్ల అరిస్తివయ్యా? పొదలో ఉండేటోనికి గూడా ఇనపడింటాది.”

“ఇనపడల్లనే అరిస్తి.”

రంగన్న తలపాగా కొంగుతో ముఖం తుడుచుకున్నాడు.

“వాడు నా తమ్ముడు.”