పూల్ అడుగున కోడిగుడ్డు

తేజశ్రీకి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం, నాలుగేళ్ల కొడుకు నీళ్లలో మునిగిపోతాడేమోనని. బకెట్ అడుగున చెంబెడు నీళ్లు మిగిలినా ఒంపేసి బోర్లించేది.

అలాంటి ఇంట్లో మామగారు బాపయ్య స్విమ్మింగ్ పూల్ కట్టించాడు. వరసగా రెండేళ్లు మిర్చికి మంచి ధర పలికింది మరి. పెదకాకాని దాటాక చేల మధ్య కొత్త ఇల్లు, ఇంటి వెనక నీలం టైల్స్‌తో పూల్.

"మా నాన్న నన్ను కాలవలోకి విసిరేశాడు. రెండు గుటకలు మింగి, ఈదుకుంటా ఒడ్డుకొచ్చా. వీణ్ణీ అంతే, ఎండాకాలం ఎత్తి పడేస్తా," అన్నాడు మనవణ్ణి భుజాన ఎక్కించుకుని.

తేజశ్రీ భర్తకు చెప్పుకుంటే, "నాన్నకి నువ్వే చెప్పు," అని బండెక్కి వెళ్లిపోయాడు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం ఆమెకు చేతకాదు. ఏడో తరగతిలో సైన్సు పాఠం సగంలో ఉండగా పత్తి ఏరడానికి బడి మానిపించినప్పుడు కూడా కిక్కురుమనలేదు.

మొదటి గండం క్లోరిన్ వల్ల తప్పింది. మెట్టు మీద కూర్చుని మొహం కడుక్కున్నందుకే పిల్లాడి కళ్లు చింతనిప్పులయ్యాయి.

"మిర్చి కల్లంలో పొర్లినా ఏడవనోడు, నీళ్లకి ఏడుస్తాడేందిరా!" అని బాపయ్య గుంటూరు నుంచి సాదిక్‌ని పిలిపించాడు.

సాదిక్‌కి పూల్ మెషీన్లు బిగించడంలో పదిహేనేళ్ల అనుభవం. నీళ్లు వాసన చూసి చెప్పేశాడు.

"ఉప్పునీళ్ల సిస్టమ్‌కి మార్చేద్దామండీ. నాలుగు బస్తాల ఉప్పు కలుపుతాం. మెషీన్ ఆ ఉప్పులోంచే కావాల్సినంత క్లోరిన్ తయారుచేస్తది. కళ్లు మండవు."

"సముద్రంలాగా అవుద్దా?" అంది తేజశ్రీ. ఇంటికి వచ్చిన పరాయి మనిషిని ఆమె ప్రశ్న అడగడం అదే మొదలు.

"అబ్బే, అందులో పదో వంతు ఉంటదంతే అమ్మా. కన్నీళ్లకన్నా తక్కువ."

"మరి కాస్త ఎక్కువైతే పిల్లలకేమన్నా అవుద్దా?"

"పిల్లలకేం కాదు, మెషీన్‌కే ఏడుపు. ఎర్రలైటు వెలిగి ఆగిపోతది."

నాలుగడిగితే పది తెప్పించే మనిషి బాపయ్య. కొత్తపట్నం వైపు నుంచి పది బస్తాల కల్లుప్పు దిగింది. నాలుగు కలిపాక ఆరు మిగిలాయి.

"ఉండనివ్వండి మామయ్యా, ఆవకాయకి పనికొస్తాయి," అంది తేజశ్రీ.

"ఆరు బస్తాల ఉప్పుతోనా! జిల్లా మొత్తానికి పెడతావా ఏందే?" అని పగలబడి నవ్వింది అత్తగారు బసవమ్మ.

రెండు వారాలు తిరక్కుండా ఎర్రలైటు వెలిగింది. సాదిక్ వచ్చి నీళ్లు పరీక్ష చేశాడు. ఉప్పు ఎక్కువ.

"ఎవరన్నా మళ్లీ కలిపారాండీ?"

బాపయ్య పెళ్లాం వైపు తిరిగాడు. "నీ చెయ్యి ఊరుకోదుగా. పప్పులో వేసింది చాలక ఇందులోనూ వేశావా?"

"నలభై ఏళ్లు నా పప్పు గిన్నె నాకినోడివి, ఇయ్యాళ నన్నంటావా!"

తేజశ్రీ పిల్లాడి ముక్కు తుడుస్తూ ఉండిపోయింది.

సగం నీళ్లు తోడేసి బోరు నీళ్లు పట్టారు. మళ్లీ ఎర్రలైటు. లోపం బోరులో ఉందన్నాడు సాదిక్. ట్యాంకర్లు తెప్పించారు. మళ్లీ ఎర్రలైటు. లోపం మెషీన్‌లో ఉందన్నాడు. కొత్త మెషీన్ పెట్టాడు. అదీ ఎర్రగా వెలిగి ఊరుకుంది. మెషీన్ బాగయ్యేదాకా పిల్లాణ్ణి దింపొద్దన్నాడు కాబట్టి బాపయ్య పళ్లు నూరుతూ ఆగాడు.

ఓ పొద్దున సాదిక్‌కి పూల్ అడుగున తెల్లగా ఏదో కనిపించింది. వలతో పైకి తీశాడు.

కోడిగుడ్డు. పచ్చిది. చిట్లనైనా లేదు.

బాపయ్య గట్టు మీంచి నాలుగడుగులు వెనక్కేశాడు. "చేతబడి! మిర్చి యార్డులో యలమందగాడు నన్ను చూసి కుళ్లిపోతన్నాడు. వాడి పనే ఇది!"

గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించాడు. బసవమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలతో మనవడికి దిష్టి తీసింది. మర్నాడు ఇంకో గుడ్డు దొరికింది. అదీ అడుగునే.

దాంతో బాపయ్యకి తిక్క రేగింది. "భయపడ్డామనుకుంటన్నాడు వాడు. లైటు వెలిగినా ఆరినా సరే, ఆదివారం పొద్దున్నే మనవణ్ణి ఇందులో పడేస్తన్నా. ఎవడి మంత్రం పారుద్దో చూస్తా!"

"ఆదివారమా మామయ్యా?" తేజశ్రీ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "ఇంకా నాలుగు రోజులేనా?"

సాదిక్ మెషీన్ విప్పుకుని గుంటూరు వెళ్లిపోయాడు. ఆ మెషీన్ ముందేసుకుని అన్నం మానేశాడట. భార్య జోహరాబీ బిర్యానీ వండి ఉప్పు చూడమంటే లేచి బయటికి పోయాడట.

మీలో ఎవరైనా అటు వెళ్తే ఆ మనిషి ఎలా ఉన్నాడో ఒకసారి చూసి, లోపం మెషీన్‌ది కాదని చెప్పి రండి. ఆ సైన్సు పాఠంలో మాస్టారు ఉప్పు వేసేకొద్దీ గ్లాసు అడుగున మునిగిన గుడ్డు పైకి తేలడం చూసి, ఎంత ఉప్పు పడుతుందో ఆయన చెప్పేలోపే పత్తి చేలోకి వెళ్లిపోయిన తేజశ్రీ, రోజూ తెల్లవారకముందే పూల్‌లో బకెట్ ఉప్పు పోసి, కొడుకుకంటే ముందు గుడ్డును దింపి చూస్తోంది.