చుట్టరికాల ఇండెక్స్

“ముట్టకు! గిప్పుడు దాన్ని ముట్టకు సుచరితా!”

కృష్ణకాంత్ లేచిన ఊపుకు బల్ల మీది చాయ్ ఒలికింది. పాలమూరులో రక్తదాతల సంఘాన్ని నడిపేది ఆయనే. సంఘం కంప్యూటర్లు చూసుకునేది సుచరిత. ఆమె వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

“ముట్టకపోతె ఎట్ల సార్? ఎంతసేపటి సంది వెతుకుతనే ఉంది. ఒక్క పేరు గూడ ఇస్తలేదు.”

“నడుస్తున్న మెషిన్ల చెయ్యి పెడితె మొత్తానికే కూలబడుతది. ఉన్న నంబర్లు గూడ అందకుంట పోతయ్.”

అంతలో పెద్ద దవాఖాన నుంచి మళ్లీ ఫోను. డాక్టరమ్మ గొంతులో తొందర.

“ఎవరైనా దొరికారా? స్వరూపకు ఇంకా రక్తం పోతూనే ఉంది. బిడ్డ బాగుంది. తల్లికి ఆపరేషన్ చేయాలి. చేతిలో రక్తం లేకుండా ఎలా మొదలుపెట్టను?”

స్వరూపది బాంబే గ్రూపు. మామూలు పరీక్షలో ‘ఓ’ గ్రూపులాగే కనిపించే అరుదైన రక్తం. ఆ గ్రూపు వాళ్లకు మళ్లీ ఆ గ్రూపే ఎక్కించాలి. సంఘానికి తెలిసిన దాతలు ముగ్గురే. బక్కయ్య పోయిన నెలలోనే ఇచ్చాడు, అప్పుడే మళ్లీ ఇవ్వకూడదు. ఒకామె జ్వరంతో మంచం పట్టింది. ఇంకొకాయన ఫోను ఎత్తడం లేదు. వాళ్ల తోబుట్టువులెవరికీ ఆ గ్రూపు లేదు. ఇక దూరపు చుట్టాల్లో వెతకాలి. మేనరికపు పెళ్లిళ్లు జరిగిన ఇళ్లలో ఈ రక్తం బయటపడే అవకాశం ఎక్కువ. ‘ఓ’ గ్రూపని రాయించుకుని, అసలు సంగతి తెలియకుండా తిరుగుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే దొరకాలి.

సుచరిత కట్టిన డేటాబేసులో ప్రతి మనిషీ ఒక చుక్క, ప్రతి సంబంధమూ ఒక గీత. చుక్కలు వేలల్లో ఉంటే గీతలు లక్షల్లో ఉన్నాయి.

“సార్, జర ఇనుండ్రి. మనుషులకు ఇండెక్స్, అంటె పుస్తకం ఎనక పట్టీ లెక్కటిది, పెట్టిన గని గీతలకు పెట్టలె. అందుకనే గిది ఒక్కొక్క మనిషి తాన ఆగి, ఆయనకున్న గీతలన్ని ఇప్పి చూస్తాంది. పక్కింటోళ్లు, దోస్తులు, క్యాంపుకు తోల్కొచ్చినోళ్లు, అందర్ని! మనకు గావాల్సింది చుట్టరికాలు, అండ్ల మేనరికాలు. గా గీతలకు ఇండెక్స్ కడితె సీదా ఆడికే పోతది.”

“కట్టేటప్పుడు ఆగిపోతెనో?”

“తప్పు నా మీదేస్కుంట.”

“తప్పు ఎవలిదైతేంది బిడ్డా, ఆడ పానం పోతది!”

“గిట్ల చూస్కుంట కూసున్నా పోతది సార్.”

కృష్ణకాంత్ తెర మీదున్న దాతల నంబర్లను గబగబా ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. “కానీ” అన్నాడు.

సుచరిత ఆదేశం టైపు చేసి బటన్ నొక్కింది. తెర బిగుసుకుపోయింది. మెషిన్ ఫ్యాను రొద పెట్టింది. కృష్ణకాంత్ కిటికీ దాకా నడిచాడు, వచ్చాడు, మళ్లీ నడిచాడు. ఫోను మోగుతుంటే ఎత్తడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

“అయింది!” అంది సుచరిత.

ఇందాకటి ప్రశ్ననే మళ్లీ వేసింది. బటన్ మీద నుంచి వేలు తీయకముందే జవాబు వచ్చేసింది.

ఒకే ఒక్క పేరు. ఐలేశం. బక్కయ్య మేనత్తకు మనవడు. తల్లిదండ్రులది మేనరికం. గ్రూపు ఓ అని రాసి ఉంది. ఊరు కల్వకుర్తి.

“సార్!” అని సుచరిత బల్ల చరిచింది. కృష్ణకాంత్ తెర మీదికి వంగాడు. వెలిగిన ముఖం అంతలోనే వాడిపోయింది.

“కల్వకుర్తా! ఆడికెల్లి ఎప్పుడొస్తడు, ఎప్పుడు పరీక్ష జేస్తరు?”

సుచరిత అప్పటికే ఫోను కలిపింది. సంగతంతా ఒక్క ఊపిరిలో చెప్పింది.

“ఏ దవాఖాన? పాలమూరు పెద్ద దవాఖాననా?” అన్నాడు ఐలేశం.

“ఔనన్నా. ఏదన్న కారు మాట్లాడుకొని రాండ్రి, కిరాయి మేం...”

“ఫోన్ పెట్టు చెల్లే, వస్తున్న.”

ఫోను ఎత్తని దాత కోసం ఇంకో అరగంట ప్రయత్నించి, ఇద్దరూ కృష్ణకాంత్ బండి మీద దవాఖానకు ఉరికారు. రక్తనిధి గుమ్మంలోనే డాక్టరమ్మ ఎదురైంది. ఇందాకటి గొంతు కాదది.

“మీవాడు వచ్చాడు, పరీక్ష కూడా అయింది. బాంబే గ్రూపే! స్వరూపకు సరిపోయింది!”

లోపల మంచం మీద బక్కపలుచని మనిషి, పిడికిలి మూస్తూ తెరుస్తూ పడుకుని ఉన్నాడు. పక్కన సంచీ ఎర్రగా నిండుతోంది. సుచరిత గోడకు ఆనుకుంది.

ఎండ వాలేసరికి ఆపరేషన్ ముగిసింది. రక్తం ఆగింది. స్వరూప కళ్లు తెరిచి, “బిడ్డేది?” అని అడిగిందట. ఆ మాట చెప్పడానికి నర్సు వసారా అంతా పరుగెత్తుకుంటూ వచ్చింది. కృష్ణకాంత్ కనిపించిన ప్రతివాళ్లనూ ఆపి, “మా పిల్ల! మా పిల్ల పట్టింది రెప్పపాటుల!” అని సుచరితను చూపించసాగాడు. ఆమె సిగ్గుపడుతూనే నవ్వు ఆపుకోలేకపోయింది.

బిస్కెట్లు తింటున్న ఐలేశం చేతులు పట్టుకుని ఊపేశాడు కృష్ణకాంత్.

“సల్లగుండు తమ్మీ! గని, కల్వకుర్తికెల్లి గింత జల్ది ఎట్లొచ్చినవ్? ఎగిరొచ్చినవా?”

“ఎగురుడేంది సార్?” అన్నాడు ఐలేశం. “దవాఖాన గేటు కాడనే ఉన్న. పొద్దుగాల గా అక్కను నా అంబులెన్సుల ఈడికి తోల్కొచ్చిందే నేను.”