బానెట్ ముందు పెళ్లికొడుకు

సూది ఎర్రగీత దాటిన సంగతి మహిపాల్ చూసేసరికే ఆలస్యమైంది. దిల్‌సుఖ్‌నగర్ ఇంకా రానేలేదు, బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి తోసుకొచ్చింది. పాత కారు రెండు దగ్గులు దగ్గి, మెట్రో పిల్లరు పక్కన ఆగిపోయింది.

తాళం తిప్పాడు. ఇంజిన్ గురక పెట్టిందే గానీ లేవలేదు.

"ఏమైంది బిడ్డా?" పక్క సీట్లోంచి బక్కయ్య అడిగాడు.

"ఏం లేదు మామా." అరచేతుల చెమటకు స్టీరింగ్ జారుతోంది.

బక్కయ్య, కౌసల్యమ్మ పొద్దున నల్లగొండ బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగితే, మహిపాల్ కారెక్కించుకున్నాడు. వాళ్ల కూతురు జ్యోతికను మహిపాల్‌కు అనుకున్నారు. ఇవాళ సైదాబాద్‌లో పిల్లగాడి ఇల్లు చూసుకుంటే సరి, బుధవారం పూలు పండ్లతో నిశ్చయం. ఈ సంబంధం తప్పిపోతే జన్మలో పెళ్లి మాటెత్తనని మహిపాల్ తల్లితో తెగేసి చెప్పాడు. జ్యోతికను చూసింది ఒక్కసారే. అప్పట్నుంచీ అతనికి అన్నం సహించడం లేదు.

బక్కయ్య ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి. ఆగిన బండిని చూస్తే ఆయన కాళ్లు నిలవవు. దిగి, పంచె ఎగ్గట్టి, బానెట్ ఎత్తాడు. ఆవిరి బుస్సుమంది.

"నువ్వు దూరం జరుగు బిడ్డా. కొత్తంగి ఖరాబైతది. గిసొంటియి నీకేం ఎరుక."

"ఎరుక లేదు మామా." మహిపాల్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని రోడ్డంచున నిలబడ్డాడు.

"బడిల తప్పు చేసిన పోరని లెక్క నిలబడ్డడు సూడు," అని కౌసల్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కారునే సూసుకోరానోడు, రేపు పిల్లనేం సూసుకుంటడో."

నవ్వులాటకే అంది. మహిపాల్‌కు మాత్రం నవ్వు రాలేదు.

"నా లారీ ఒకపారి గింతకన్న కాగింది," అన్నాడు బక్కయ్య లోపలికి వంగి. "ఇంజిన్ మీద గంజు పెట్టి నలుగురికి బువ్వ ఒండిన."

"ఇంట్ల పొయ్యి మీద ఒక్కనాడన్న ఒండకపోతివి."

"నువ్వు నవ్వకు. గీ ఇంజిన్ల కాడ్నే నా బతుకంత పాయె. బండి దిగినంక గూడ గోర్లల్ల గ్రీజు పోనీకి మూడేండ్లు పట్టింది. అందుకే మధ్యవర్తికి ఒక్కటే మాట చెప్పిన. మసి చేతులోనికి నా పిల్లనియ్య. ఏసీ గదిల కూసుని, కంప్యూటర్ కొట్టేటోడు గావాలె అన్న. నిన్ను జూపిచ్చిండు."

మహిపాల్ తల ఊపాడు. వెనక్కి కట్టుకున్న చేతుల గోళ్లను పిడికిళ్లలో దాచుకున్నాడు.

బక్కయ్య చేయి రేడియేటర్ మూత మీదికి పోయింది.

"మూత తియ్యకు మామా. మొఖం కాలతది."

ఆ కేకకు పక్కనుంచి పోతున్న ఆటోవాడు కూడా తిరిగి చూశాడు. బక్కయ్య చేయి అక్కడే ఆగింది.

"నీకెట్ల ఎరుక?"

"వీడియోల... వీడియోల చూసిన."

"సదువుకున్నోడు సదువుకున్నోడే," అని బక్కయ్య పెళ్లాం వైపు గర్వంగా చూశాడు.

తర్వాత ఆయన వైద్యం మొదలైంది. బ్యాటరీ అన్నాడు. కాదు, ప్లగ్గులన్నాడు. ఊహూఁ, పెట్రోల్‌లో నీళ్లన్నాడు. ఒక్కో వైరూ పట్టి లాగుతుంటే మహిపాల్‌కు తన పళ్లు ఊడబెరుకుతున్నట్టే ఉంది. ఓర్చుకున్నాడు, ఓర్చుకున్నాడు, ఇక ఓర్చుకోలేకపోయాడు. నీళ్ల సీసా తెస్తానని చెప్పి కారులోకి దూరాడు. స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి ఒక స్విచ్ నొక్కాడు.

బయట ఫ్యాన్ గిర్రున తిరిగింది. బక్కయ్య ఒక్క గెంతు వెనక్కి దూకాడు.

"ఏం జేసినవ్?"

"ఏం చెయ్యలే మామా. చెయ్యి తగిలింది."

బక్కయ్య వంగాడు. ఫ్యాన్ దగ్గర మొదలైన ఎర్ర వైరును వేలితో తడుముకుంటూ వచ్చి, స్టీరింగ్ కింద తేలాడు. ముఖం ముడుచుకుపోయింది.

"ఇంజిన్ కాగితే ఫ్యాన్ దాని పాటికది తిరగాలె. ఎవడో ఆ కనెక్షన్ పీకేసి, లోపటికి వైరు గుంజి స్విచ్చి పెట్టిండు. ఎయ్య మరిస్తే బండి కాలుడే. గీ తిక్క పని చేసినోడెవడు?"

"ఎవడో మామా... మీర్‌పేట్‌ల..."

"నువ్వు అమాయకునివని నిన్ను ముంచుతున్నడు వాడు."

"పోనీ మామా. ఆటో మాట్లాడత, ఇంటికి పోదాం. అమ్మ ఎదురుసూస్తది." మహిపాల్ బానెట్ మూయబోయాడు.

"నా అల్లుని మోసం చేసినోన్ని ఊకె ఇడుస్తనా?"

బానెట్ లోపలివైపు ఒక చీటీ అతికించి ఉంది. ఆయిల్ ఎప్పుడు మార్చిందీ అందులో రాసి ఉంది. మెకానిక్ పేరు మసిబారి పోయింది గానీ, కింద నంబరు మిగిలింది. బక్కయ్య కళ్లజోడు తుడుచుకుని ఫోను తీశాడు.

"ఆదివారం మామా, ఎత్తడు," అన్నాడు మహిపాల్. ఆ మాట అతనికే వినబడలేదు.

బక్కయ్య ఒక్కో అంకె పైకి చదువుతూ నొక్కాడు. తిట్లు తనకూ వినబడాలని కౌసల్యమ్మ దగ్గరికి జరిగింది. పదో అంకె పడింది.

మహిపాల్ ప్యాంటు జేబులో రెండో ఫోను మోగడం మొదలుపెట్టింది.