ఆఖరి బోల్టుల పొట్లం

"అవి కొనకండి అన్నయ్యగారూ!"

నట్లూ బోల్టులూ అమ్మే షాపులో మెరిసే బోల్టులు ఏరుకుంటున్న అద్దాలాయన ఉలిక్కిపడ్డాడు.

పక్కన నీలం చొక్కా తొడుక్కున్న ఒకావిడ. అరచేతి గీతల నిండా గ్రీజు.

ఆయనకి కళ్లద్దాల షాపుంది. అందుకే అందరికీ అద్దాలాయన. ఎదుటివాళ్ల చూపు సరిచేసే తనకే ఎవరో సలహా చెప్పడం ఆయనకి నచ్చలేదు.

"ఏం, వీటికేమొచ్చింది?"

"మీ చేతిలో పాత బోల్టు చూశాను. డ్రైవ్‌షాఫ్ట్‌దే కదా?"

ఆయన ఛాతీ ఉబ్బింది.

"అవును. కొత్త షాఫ్ట్ కొన్నాను. కారు కంపెనీది కాదు, బయటిది. బోల్టులు మాత్రం ఇవ్వలేదు పిసినారులు. నేనే స్వయంగా బిగించుకుంటున్నాను."

"శుభ్రంగా బిగించుకోండి. కానీ ఈ మెరిసేవి తుప్పు పట్టవుగానీ బలం తక్కువ. ఇంజన్ లాగుడు చక్రాలకి చేర్చేది షాఫ్టే, ఆ లాగుడంతా బోల్టుల మీదే పడుతుంది. పుటుక్కున తెగాయంటే షాఫ్ట్ ఊడి రోడ్డుకి గుచ్చుకుంటుంది. కారు గాల్లోకి గెంతుతుంది."

"అయితే పాతవే పెట్టేస్తాను."

"ఒకసారి బిగించినవి సాగిపోయుంటాయి. పారేయండి."

"మరేం పెట్టమంటావమ్మా తల్లీ?"

ఆవిడ గల్లా బల్ల మీదున్న పొట్లం విప్పి ఒక బోల్టు చూపించింది.

"తలమీద పది పాయింట్ తొమ్మిది అని ఉంది చూడండి, అది బలం చెప్పే అంకె. మీ పాతదాని మీదా అదే ఉంది. పొడవూ, మర చుట్లూ కూడా అవే ఉండాలి. బిగించే రెండు ముక్కలూ కలిసేచోట మర ఉండకూడదు, ఈ నున్నటి భాగం ఉండాలి."

"ఇవే ఇచ్చేయ్ అయితే," అన్నాడాయన షాపతనితో.

"అవి నేను తీసుకున్నాను అన్నయ్యగారూ. సాయంత్రానికి ఒకళ్ల కారు నడిపించి ఇస్తానని మాటిచ్చాను."

"అదే ఆఖరి పొట్లం సార్. మళ్లీ సరుకొచ్చేది వచ్చే వారమే," అన్నాడు షాపతను.

అద్దాలాయన పొట్లం వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆయన భార్య నర్సు. రేపట్నుంచి ఆవిడకి తెల్లవారకముందే డ్యూటీ. ఆ వేళప్పుడు బస్సుల్లేవు. కారేమో ఇంటిముందు స్టాండ్ల మీద కొలువుదీరి నెల కావస్తోంది. మెకానిక్‌ని పిలుద్దామని ఆవిడ అన్నప్పుడల్లా, నా కారు మీద పరాయి చెయ్యి పడటానికి వీల్లేదని ఆయన ఇంతెత్తున లేచేవాడు.

ఆయన బయటికి తొంగిచూశాడు.

"ఆ వ్యాను నీదేనా చెల్లెమ్మా? వెనక తలుపు బార్లా తీసుందే!"

"అయ్యో, నా పనిముట్లు!" అంటూ ఆవిడ పరిగెత్తింది.

"ఆవిడ నన్నే తీసుకోమంది," అని డబ్బు బల్ల మీద పెట్టి, పొట్లం జేబులో వేసుకుని, పక్క గుమ్మంలోంచి జారుకున్నాడు అద్దాలాయన. సందు మొదట్లో చెప్పు తెగినా ఆగలేదు.

మధ్యాహ్నం భోజనమవగానే కారు కిందకి దూరాడు. భార్య పక్కన గొంతుక్కూర్చుంది.

"ఇదిగో, తలమీద ఈ అంకె ఉంటేనే పెట్టాలి. మెరిసేవి దండగ. జాయింటులో మర కాదోయ్, నున్నటి భాగం ఉండాలి!"

"ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"ఒకరు నేర్పితే వస్తాయా? రక్తంలో ఉండాలి!"

భార్య ఆశ్చర్యపోయి లోపలికి వెళ్లింది.

రక్తంలో ఉన్నది చేతుల్లోకి మాత్రం రాలేదు. షాఫ్ట్ ఒక కొస ఎత్తితే రెండో కొస దిగబడింది. రంధ్రాలు ఎదురుబదురైతే బోల్టు అందలేదు. బోల్టు అందేసరికి రంధ్రాలు తప్పుకున్నాయి. కళ్లద్దాల మీద గ్రీజు పడింది. చివరికి షాఫ్ట్ ఆయన బొజ్జమీదే స్థిరపడింది.

"ఏమోయ్! కాస్త దీన్ని దించు!"

ఆవిడ వచ్చి దించింది. ఆయన కారు కిందే వెల్లకిలా పడుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"పోనీ... ఎవరైనా మెకానిక్‌కి కబురు చేద్దామా?"

"కోప్పడనంటే చెప్తాను. నిన్ననే చేశాను. ఈ పనిలో ఆవిడ తర్వాతే ఎవరైనా అట. మీరు మనసు కష్టపెట్టుకోకుండా ఆఖరి బోల్టు మీచేతే బిగించమన్నాను. నవ్వి సరేనన్నారు."

"ఆవిడా?"

"ఆవిడే. పొద్దున ఫోన్ చేసి, ఇవాళ రాలేనని ఎంత నొచ్చుకున్నారో. ఇందాక మీరు బోల్టులు చూపించగానే, మా ఇంట్లోనే ఉన్నాయి రండి అని ఫోన్ చేసి చెప్పేశాను."

గేటు ముందు వ్యాను ఆగిన చప్పుడైంది.

అద్దాలాయన కారు కింద ఇంకాస్త లోపలికి జరిగాడు.

"పొద్దున ఎందుకు రానందట?" అన్నాడు నీరసంగా.

"మన కారు కోసం ఆవిడ కొనబోయిన బోల్టుల్ని షాపులో ఎవరో అబద్ధమాడి ఎత్తుకుపోయాడటండీ," అంటూ భార్య గేటు తీయడానికి వెళ్లింది.