పదకొండు పైన్ రేణువులు

"అమ్ముడుపోయావే నువ్వు! చిత్తడినేలనీ అమ్మేశావు, దాంతోపాటు మమ్మల్నీ అమ్మేశావు!"

విచారణ హాలు మెట్ల మీదే వెర్నా ఆంటీ అందుకుంది. చుట్టూ మనవాళ్ళు, ఈ నేల ఆదివాసులు, యాభైమంది ఉన్నారు. ఒక్కరూ ఆపలేదు. ఎందుకాపుతారు?

కెరిన్ ఫైలును గుండెలకు అదుముకుంది. "ఆంటీ, మైక్రోస్కోపులో కనబడిందే రాశాను."

"రాయకపోతే చెయ్యి పడిపోయేదా? నాలుగొందల పుప్పొడి రేణువుల్లో పదకొండు పైన్‌వి! కంట్లో నలుసనుకుని వదిలేస్తే ఎవడు చూసేవాడు?"

"నేను చూశాగా."

"ఆహా, ఏం నిజాయితీ! స్కూలు బస్సు ఎక్కనని ఏడుస్తుంటే జుట్టు పట్టి ఎక్కించానే, ఇందుకా?"

కెరిన్ తల దించుకుంది. మనవాళ్ళలో పాత మట్టిలో పుప్పొడి పరీక్షించే చదువు చదివింది తనొక్కతే. పైన్ తోటల కంపెనీ మీద కొట్లాటకు ఉన్న ఒకే ఒక్క ఆయుధం తన ఫైలు.

కంపెనీ అడిగేదేమిటి? చిత్తడికి కాలువ కొట్టి, నీళ్ళు తోడేసి, అక్కడా పైన్ నాటుతుందట. అది మొన్న మొన్న నిలిచిన మురుగట, అక్కడ మనుషులే బతకలేదట. కాదని మట్టే చెప్పింది. నాలుగు మీటర్ల లోతు దాకా పొర పొరలో జమ్ము పుప్పొడి, ఫెర్న్ సిద్ధబీజాలు, వాటితో బొగ్గు నలుసులు. ఏటా జమ్ము కాల్చి, కొత్త దుంపలు తవ్వుకు తిన్న జనం ఆనవాళ్ళవి. అన్నిటికన్నా అడుగున దొరికింది పిడికెడే. అయిదు వేల ఏళ్ళ నాటి మట్టి. ఆ పిడికెడు మట్టిలోనే పదకొండు పైన్ రేణువులు తేలాయి.

చిత్తడి గేటు తాళం కంపెనీది. మట్టి తీసుకోవడానికి ఒకే ఒక్క ఆదివారం ఇచ్చింది. కెరిన్‌నూ, పెద్దదిక్కుగా వెర్నా ఆంటీనీ తప్ప ఇంకెవర్నీ లోపలికి రానివ్వలేదు. కాపలావాడు జీపులో కూర్చుని రేడియోలో ఫుట్‌బాల్ వింటూ ఉండిపోయాడు.

హాల్లో కంపెనీ లాయరు తీరిగ్గా లేచాడు.

"పైన్ చెట్టు ఈ దేశానికి ఎప్పుడొచ్చింది, మిస్?"

"తెల్లవాళ్ళొచ్చాక. నూటయాభై ఏళ్ళు కావొస్తోంది."

"మరి అయిదు వేల ఏళ్ళ మట్టిలోకి ఎలా దూరింది? అయితే ఆ మట్టి కొత్తదై ఉండాలి, లేదా ఎవరో కల్తీ చేసుండాలి. ఏమైనా, అక్కడ మనుషులున్నారనడానికి..."

"మనుషుల్లేరా?" ఆంటీ కర్ర నేలకేసి కొట్టింది. "మరి మా సమాధులో? మీ పైన్ తోట మధ్యలో పడుకున్నది మా ఆయన కాదా? ప్రతి ఆదివారం పొద్దున్నే వెళ్ళి, ఆ రాయి మీద మీ పసుపుదుమ్ము ఈ అరచేతులతో తుడిచొస్తున్నాను రా!"

"కూర్చోండి," అన్నాడు విచారణాధికారి.

ఆగస్టు నెల, పైన్ పుప్పొడి రాలే కాలం. పైన్ దుమ్ము ఊళ్ళో కార్లనూ, ఆరేసిన బట్టలనూ, కిటికీ అద్దాలనూ పసుపు చేసేసింది. ఆ దుమ్మెవరిదని మాత్రం హాల్లో ఎవడూ అడగలేదు.

లాయరు ఒక్కడుగు ముందుకొచ్చాడు. "సూటిగా అడుగుతున్నా. ఆ పిడికెడు మట్టిలో చెయ్యి పెట్టిందెవరు? మా కాపలావాడా? మీ మనుషులా? మీ మనుషులే అయితే ఈ దావాయే కల్తీ. ఇవాళే కొట్టేయమంటాను."

"వాడే! ఆ జీపువాడే!" మనవాళ్ళు అరిచారు. ఆంటీ మళ్ళీ లేవబోయింది.

ఆమె నోరు తెరిచేలోపే కెరిన్ అంది: "ఎవరూ కాదు. తప్పు నాది. ల్యాబులో కిటికీ తెరిచాను. పైన్ దుమ్ము గాలికి వచ్చి పడింది."

హాలు హోరెత్తింది. కెరిన్ గొంతు పెంచింది.

"నా పేరు మీదే రాసుకోండి. నా ఉద్యోగం పీకేయండి. ఆ పిడికెడు పారేయండి. కానీ ముందు ఆ గేటు తెరిపించండి! కాలువ తవ్వకముందే ఇంకోసారి మట్టి తీయించండి. రేపు కాదు, ఇప్పుడే ఉత్తర్వు రాయండి!"

విచారణాధికారి చాలాసేపు రాశాడు. ల్యాబు పొరపాటు. పది రోజుల్లో మళ్ళీ మట్టి తీయాలి. కెరిన్ దాన్ని తాకకూడదు. ఇక ఏ మట్టీ తాకకూడదు.

బయటికొస్తూ ఆంటీ ఆమె కాళ్ళ దగ్గర ఉమ్మింది. "నా శవం దగ్గరికి కూడా రాకు."

వరండాలో గ్రాంట్లీ అడ్డం నిలబడ్డాడు. పాతికేళ్ళుగా ల్యాబులో యాసిడ్లు కలిపే మనిషి.

"ఆ గది కిటికీకి మేకులు కొట్టింది నేనే, కెరిన్. పదేళ్ళయింది. అది తెరుచుకోదు."

కెరిన్ పక్కనుంచి తప్పుకుని పోబోయింది.

"ఒక్క రేణువును కూడా లెక్కలోంచి తప్పించని పిల్లవి, అధికారి ముందు అబద్ధమాడావు. జీపువాణ్ణి కాపాడావు కదూ? కంపెనీ ఏమిస్తానంది? చెప్పు!"

మెట్ల కింద ఆంటీని చెరో పక్కా పట్టుకుని వ్యానెక్కిస్తున్నారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. వ్యాను పసుపుదుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగేదాకా కెరిన్ అలాగే నిలబడింది.

ఆ ఆదివారం, పొద్దున సమాధి రాయి తుడిచొచ్చిన చేతులతోనే, ఆ పిడికెడు మట్టిని దోసిట్లో పట్టుకుని ఏడ్చింది ఆంటీయే.